గిస్ట్ కార్డు నుంచి ఆట తెర దాకా: స్వేచ్ఛా డెస్క్‌టాప్‌పై తెలుగు లిపి ప్రస్థానం

వ్యాస సంగ్రహం

తెలుగు లిపి కంప్యూటర్‌లోకి వచ్చిన చరిత్రను ఇంతవరకు ప్రధానంగా ఖతుల చరిత్రగా, అంతర్జాలంలో తెలుగు వ్యాప్తి చరిత్రగా చెప్పుకుంటూ వచ్చాం. యంత్రభాగాల వైపు నుంచి, అంటే తెర, ముద్రణ యంత్రం, చిత్రఫలకం, తాళం వంటి హార్డ్‌వేర్ వైపు నుంచి దాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. మూలసంకేతం బహిరంగంగా ఉండే స్వేచ్ఛా డెస్క్‌టాప్‌లకు తెలుగు అచ్చుకూర్పు పనివారు, ఆటలాడే యువకులు ఇద్దరూ దూరంగానే ఉండిపోయారు. ఆ దూరానికి కారణం ఇద్దరికీ ఒకటేనని నా ప్రతిపాదన. ఉదాహరణలకు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాన్ని తీసుకున్నాను.

కీలకపదాలు: తెలుగు లిపి, యూనికోడ్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, అను ఖతులు, అక్షర సంయోజనం, కంప్యూటర్ ఆటలు, రేనాడు.

1. ప్రవేశిక

1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ నియోజకవర్గానికి ఉప ఎన్నిక జరిగింది. అప్పటికే ప్రధానమంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావు 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. దేశ ఆర్థిక చరిత్ర రాసేవారు ఆ సంవత్సరాన్ని సరళీకరణతో ముడిపెడతారు. తెలుగు లిపి చరిత్ర రాసేవారికి మాత్రం ఆ సంవత్సరానికి మరో మూడు కారణాల వల్ల ప్రాధాన్యం ఉంది. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్స్ కెర్నెల్ తొలి రూపాన్ని సెప్టెంబరులో విడుదల చేశాడు. తెలుగుతో సహా అనేక లిపులకు విడివిడి స్థానాలు కేటాయించిన యూనికోడ్ తొలి సంచిక అక్టోబరులో వెలువడింది. భారతీయ లిపులకు ఉమ్మడి సంకేతపద్ధతి అయిన ఇస్కీని భారత ప్రమాణాల సంస్థ ప్రమాణంగా స్వీకరించింది కూడా 1991లోనే. ఈ మూడింటికీ నంద్యాల ఎన్నికకూ సంబంధం లేదు. అయితే సరళీకరణ తర్వాత విదేశీ యంత్రభాగాలు చవకగా రావడం మొదలైంది. 1997లో భారతదేశం సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరాక వాటిపై సుంకాలు ఇంకా తగ్గాయి. ఆ యంత్రాలు జిల్లా కేంద్రాలను దాటి నంద్యాల, ఆళ్లగడ్డ వంటి ఊళ్లకు చేరుకునేసరికి వాటిలో తెలుగు ఏ రూపంలో ఉండాలన్న ప్రశ్నకు పై మూడు పరిణామాలు మూడు రకాల సమాధానాలు సిద్ధంచేసి ఉంచాయి. ఊరు మాత్రం ఆ మూడింటినీ కాదని నాలుగోదాన్ని ఎంచుకుంది. ఆ ఎంపిక ఎలా జరిగిందో ముందు చూడాలి.

పి.వి. గురించి ఒక మాట. విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చిన ఆ రచయిత కంప్యూటర్‌ను పెద్దవయసులో స్వయంగా నేర్చుకున్నారన్నది ప్రసిద్ధమే. తెలుగు సాహిత్య చరిత్రకారులు ఆయనలోని అనువాదకుణ్ణి పట్టించుకున్నంతగా ఈ పార్శ్వాన్ని పట్టించుకోలేదు.

2. కార్డులో దాగిన లిపి

తెలుగు అక్షరం తెరపై కనిపించడానికి మొదట కావలసివచ్చింది సాఫ్ట్‌వేర్ కాదు, ఒక వస్తువు. 1980లలో కాన్పూరు ఐఐటీలో మొదలై పుణెలోని సీడాక్‌లో స్థిరపడిన గిస్ట్ పరిశోధన ఫలితంగా గిస్ట్ కార్డు తయారైంది. కంప్యూటర్ పెట్టె విప్పి, లోపలి ఖాళీ గాడిలో ఈ పలకను అమర్చేవారు. డాస్ నిర్వహణ వ్యవస్థకు భారతీయ లిపులు తెలియవు. తెలియజెప్పే ప్రయత్నం కూడా ఎవరూ చేయలేదు. గిస్ట్ కార్డు మధ్యలో నిలబడి, లోపలి నుంచి వచ్చే సంకేతాలను పట్టుకుని, వాటిని అక్షరాలుగా కూర్చి తెరకు పంపేది. మరోమాటలో చెప్పాలంటే, లిపిజ్ఞానం యంత్రభాగంలోనే ఉండేది. కార్డును తీసివేస్తే ఆ యంత్రానికి తెలుగు రాదు.

దీనికి ఆధారమైన ఇస్కీ సంకేతపద్ధతిలో భాషాశాస్త్ర దృష్టి ఉంది. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నింటికీ వర్ణక్రమం ఒకటే కాబట్టి సంకేతాలు కూడా ఒకటే చాలునన్నది దాని ప్రాతిపదిక. అదే దృష్టితో రూపొందిన ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికలో అచ్చులు ఒక చేతికి, హల్లులు మరో చేతికి అందుతాయి. ‘స్త్రీ’ అని రాయాలంటే సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈత్వం అని ఆరు సంకేతాలు వరుసగా ఇవ్వాలి. వాటిని ఒకే ఆకృతిగా కూర్చే బాధ్యత యంత్రానిది. ఉచ్చారణక్రమాన్ని భద్రపరచి, రూపాన్ని తర్వాత కల్పించే ఈ విభజననే యూనికోడ్ కూడా ఇస్కీ నుంచి తీసుకుంది. మన వ్యాకరణ పరిభాషలో వర్ణం వేరు, లిపి వేరు అనే భేదం ఎంత స్పష్టమో ఇక్కడా అంతే స్పష్టం.

అచ్చుకూర్పు రంగం ఈ దారిని అనుసరించలేదు. హైదరాబాదు కేంద్రంగా రూపొందిన అను ఖతులు, అను స్క్రిప్ట్ మేనేజరు, వాటితో పాటు పేజ్‌మేకర్, ఈ కలయిక తెలుగు జిల్లాల్లోని డీటీపీ కేంద్రాలన్నింటికీ ప్రమాణమైంది. ఇందులో వర్ణాలకు సంకేతాలు లేవు, ఆకృతులకే ఉన్నాయి. ఆంగ్ల అక్షరాల స్థానాల్లో తలకట్లు, గుడులు, ఒత్తులు, విడి ముక్కలు కూర్చుని ఉంటాయి. పాత అచ్చుకూటంలో కంపోజిటరు సీసపు ముక్కలను అరల్లోంచి తీసి పేర్చిన పద్ధతికి ఇది నేరుగా వారసురాలు. అచ్చుశాలల నుంచి వచ్చిన పనివారు దీనికి అంత త్వరగా అలవాటుపడటంలో ఆశ్చర్యం లేదు. అందమైన ఆకృతులు, కాగితంపై నమ్మకమైన ఫలితం, వేళ్లకు అలవాటైన మీటల అమరిక దీనితో దొరికాయి. అది చవకబారు ఎంపిక అని నేటి యూనికోడ్ ప్రచారకులు కొందరు అంటారు. అది అన్యాయమైన తీర్పు. 1995లో పెళ్లిపత్రిక అచ్చువేయవలసిన మనిషికి యూనికోడ్ ఏ సాయమూ చేయలేకపోయింది. విండోస్‌లో తెలుగు యూనికోడ్‌కు స్థానం దొరికిందే 2001లో, ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి వచ్చాక.

ఈ ఎంపికతో పాటు తాళాలు కూడా వచ్చాయి. శ్రీలిపి వంటి కొన్ని భారతీయ భాషా సాఫ్ట్‌వేర్‌లు డాంగిల్ అనే చిన్న పరికరాన్ని కంప్యూటర్‌కు తగిలిస్తే తప్ప పనిచేసేవి కావు. గిస్ట్ కార్డు లిపిని నేర్పిన వస్తువైతే, డాంగిల్ లిపికి కాపలా కాసిన వస్తువు. ఆ వస్తువును గుర్తించే చోదక సాఫ్ట్‌వేర్ విండోస్‌కు మాత్రమే తయారైనప్పుడు ఆ కేంద్రం మరో నిర్వహణ వ్యవస్థ గురించి ఆలోచించే అవకాశమే ఉండదు.

ప్రారంభోత్సవ శిలాఫలకాలను చూస్తే ఈ అక్షరాల వ్యాప్తి అర్థమవుతుంది. ఆళ్లగడ్డ శిల్పులకు భౌగోళిక గుర్తింపు ఉన్న సంప్రదాయం ఉంది, వారి దేవతామూర్తులు దూరప్రాంతాలకు వెళతాయి. రాతిపై మూర్తికి శిల్పశాస్త్రం ఆధారం. అదే ప్రాంతంలో రాతిపై కనిపించే నేటి అక్షరాలకు మాత్రం తరచుగా డీటీపీ ఖతులే ఆధారం. కూర్పు తెలిసినవారు ఒక్క చూపులో వాటి ఒత్తుల వంపును గుర్తుపడతారు.

3. ఒకే యంత్రం, ఇద్దరు వాడుకరులు

2000ల మధ్యలో నంద్యాల వంటి పట్టణంలో డబ్బులిచ్చి కంప్యూటర్ ముందు కూర్చునే చోట్లు రెండు. ఒకటి డీటీపీ కేంద్రం, రెండోది నెట్ సెంటర్. రెండోదానిలో గంటల లెక్కన కూర్చున్న బడిపిల్లలు రోడ్ రాష్, ఐజీఐ, వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్ ఆడేవారు. నా తరంలో చాలామందికి కంప్యూటర్ పరిచయమైంది ఈ ఆటల ద్వారానే, భాషా బోధన ద్వారా కాదు. సాహిత్య విద్యార్థికి ఈ విషయం అప్రధానంగా తోచవచ్చు. కానీ ఊళ్లో ఏ యంత్రం, ఏ నిర్వహణ వ్యవస్థ నిలబడుతుందో నిర్ణయించినవారిలో ఈ పిల్లలు కూడా ఉన్నారు.

ఆటగానికి విండోస్ ఎందుకు తప్పనిసరి అయింది? మైక్రోసాఫ్ట్ 1995లో ప్రవేశపెట్టిన డైరెక్టెక్స్‌ను ఆధారంగా చేసుకుని ఆటలు తయారయ్యేవి. ఆట నేరుగా చిత్రఫలకంతో మాట్లాడదు, డైరెక్టెక్స్‌తో మాట్లాడుతుంది. డైరెక్టెక్స్ చోదక సాఫ్ట్‌వేర్‌తో, చోదకం చిత్రఫలకంతో మాట్లాడతాయి. ఈ గొలుసులో మధ్య కొలికి లినక్స్‌లో లేదు. చివరి కొలికి అయిన చోదకం విషయంలోనూ చిక్కే. ఎన్విడియా, ఏటీఐ సంస్థలు తమ ఫలకాల లోపలి వివరాలను బయటపెట్టలేదు. లినక్స్‌కు మూసిన చోదకాలనే ఇచ్చేవి. చవక యంత్రాల్లో ఉండే ఇంటెల్ చిత్రభాగానికి బహిరంగ చోదకం ఉండేది కానీ త్రిమితీయ ఆటకు దాని శక్తి చాలదు.

ఇప్పుడు డీటీపీ పనివాడి వైపు చూద్దాం. అతని గొలుసు కూడా ఇలాంటిదే. మీటల అమరికను అను స్క్రిప్ట్ మేనేజరు పట్టుకుంటుంది, ఆకృతులు ఖతిలో ఉంటాయి, పుటను పేజ్‌మేకర్ కూరుస్తుంది, చివరికి ముద్రణ యంత్రం. మన డీటీపీ కేంద్రాల్లో విస్తారంగా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 లేజర్ యంత్రాన్నే తీసుకుందాం. చవకగా తయారుచేయడం కోసం పుటను చిత్రంగా మార్చే పనిని దీని లోపల పెట్టలేదు, కంప్యూటర్‌కే అప్పగించారు. ఆ రెండింటి మధ్య సంభాషణ కాప్ట్ అనే సంస్థాగత పద్ధతిలో నడుస్తుంది. కెనాన్ లినక్స్‌కు చోదకాన్ని ఇచ్చినా, దాన్ని అమర్చి పనిచేయించడం మామూలు వాడుకరికి సాధ్యమయ్యే పని కాదు. పోస్ట్‌స్క్రిప్ట్ తెలిసిన ఖరీదైన యంత్రం ఉన్నవారికి ఈ ఇబ్బంది లేదు. యంత్రం చవకయ్యేకొద్దీ దాని తెలివి విండోస్‌లోకి జారుకుంది. ఆనాటి ఫోన్ మోడెములదీ ఇదే కథ. వాటిలో చాలాభాగం ‘విన్‌మోడెములు’, పేరులోనే వాటి యజమాని ఎవరో ఉంది.

ఆటగాడూ డీటీపీ పనివాడూ ఒకరినొకరు ఎరగరు. ఒకరికి మరొకరి పని పట్ల గౌరవం కూడా ఉండకపోవచ్చు. అయినా ఇద్దరూ విండోస్‌కు కట్టుబడిన తీరు ఒకటే: తమకు కావలసిన వస్తువుతో మాట్లాడే భాష ఒక్క నిర్వహణ వ్యవస్థకే తెలుసు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం తెలుగునాట ఎందుకు ఆలస్యమైందన్న ప్రశ్నకు చైతన్యం కొరవడటం అని చెప్పే సమాధానం ఈ కారణంగా అసంపూర్ణం.

4. స్వేచ్ఛా డెస్క్‌టాప్‌కు తెలుగు రావడం

యునిక్స్ వంశానికి చెందిన యంత్రాల్లో తెలుగు అంతకుముందే ఉంది, ఊళ్లో కాదు, ప్రవాసంలో. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్టీఎస్ పద్ధతి ఆంగ్ల అక్షరాలతో తెలుగును రాసి, లిపిలోకి మార్చే మార్గం చూపింది. ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్ తయారుచేసిన తెలుగుటెక్ గణితశాస్త్రజ్ఞుల అచ్చుకూర్పు వ్యవస్థకు తెలుగు నేర్పింది. ఈ రెండూ ఊళ్లోని పనివారికి చేరలేదు. ఆర్టీఎస్ మాత్రం తర్వాత వచ్చిన లేఖిని వంటి సాధనాల్లో బతికింది.

ఊరికి చేరదగిన మార్పు 2000 తర్వాత వచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఖతులు ఓపెన్‌టైప్ పద్ధతిలో, అంటే ఏ వర్ణాల వరుసకు ఏ ఆకృతి అన్న సూత్రాలను ఖతిలోనే ఇముడ్చుకుని వచ్చాయి. పిమ్మట జీపీఎల్ లైసెన్సుతో డెబియన్ వంటి స్వేచ్ఛా వ్యవస్థల్లో చేరాయి. ఈ ఖతులు రెండింటికీ కవుల పేర్లు పెట్టడం యాదృచ్ఛికం కాదు, కర్త సాహిత్యాభిరుచికి అది గుర్తు. ఆ తరవాత లోహిత్ తెలుగు, సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, గిడుగు మొదలైనవి బహిరంగ లైసెన్సుతో వచ్చాయి.

ఖతిలో సూత్రాలుంటే సరిపోదు, వాటిని చదివి అమలుచేసే యంత్రాంగం కావాలి. సూత్రానికి వృత్తి ఎంత అవసరమో ఇక్కడ సంయోజకం అంత అవసరం. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఆ పనిని పాంగో చేసింది. తర్వాతి దశలో బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ ప్రధానంగా తీర్చిదిద్దిన హార్ఫ్‌బజ్ ఆ స్థానాన్ని తీసుకుంది. పారసీకంలో ‘హర్ఫ్’ అంటే అక్షరం, ‘బాజ్’ అంటే తెరిచినది. నేడు ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్‌లలో తెలుగు అక్షరం కూర్పు జరిగేది దీనితోనే. గిస్ట్ కార్డు ఒక పలకలో బంధించిన పనిని ఎవరైనా చదివి సరిదిద్దగల సంకేతంగా మార్చిన ఘట్టం ఇది. లిపి హార్డ్‌వేర్ నుంచి పూర్తిగా విడివడింది ఇక్కడే.

తెలుగులో నిర్వహణ వ్యవస్థనే తయారుచేయాలన్న సంకల్పం ఈ నేపథ్యంలో పుట్టింది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు డెబియన్ ఆధారంగా 2005లో తెలుగు వ్యవస్థను విడుదల చేశారు. ఇంజినీరింగు విద్యార్థులు ఎంపికల జాబితాలను, హెచ్చరికలను, సహాయ పుటలను తెలుగులోకి మార్చారు. పిల్లల కోసం బాలస్వేచ్ఛ అనే రూపాన్ని కూడా తెచ్చారు. ఆ అనువాద భాష గురించి విడిగా ఒక వ్యాసం రాయవచ్చు. ‘ఫైల్’కు ‘దస్త్రం’, ‘ఫోల్డర్’కు ‘సంచయం’, ‘ఫాంట్’కు ‘ఖతి’ వంటి మాటల్లో కొన్ని నిలిచాయి, కొన్ని వాడుకరులకు నచ్చలేదు. దస్త్రం రెవెన్యూ కార్యాలయంలో వినిపించే మాట కావడం వల్ల రాయలసీమ పాఠకుడికి అది కొత్తగా అనిపించదు. సంచయం మాత్రం పుస్తకాల్లోనే ఉండిపోయింది.

వేళ్ల అలవాటు సంగతి కూడా పట్టించుకున్నారన్నది తక్కువమందికి తెలుసు. లినక్స్‌లో అనేక భాషల లేఖనానికి ఉపయోగపడే ఎం17ఎన్ సంపుటిలో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్, పోతన అమరికలతో పాటు డీటీపీ పనివారికి బాగా తెలిసిన యాపిల్ అమరిక కూడా ఉంది. పాత వేళ్లతో కొత్త సంకేతాలు రాయవచ్చు. దీన్ని ఒక డీటీపీ కేంద్రంలో చూపించి ఉంటే ఎంత ప్రభావం ఉండేదో! చూపించవలసినవారు ఇంజినీరింగు కళాశాలల్లో ఉన్నారు, చూడవలసినవారు బజారులో ఉన్నారు.

5. ఆట తెర: లిపి చివరిగా చేరిన చోటు

స్వేచ్ఛా డెస్క్‌టాప్‌పై ఆటల చరిత్రలో పెద్ద మలుపులు కొన్నే. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌పై నడిపే వైన్ ప్రయత్నం 1993లో మొదలైంది. ఐడీ సాఫ్ట్‌వేర్ సంస్థ డూమ్ మూలసంకేతాన్ని 1997లో బహిరంగపరిచింది. ఆటలకు తెర, శబ్దం, మీటలు అందించే ఎస్‌డీఎల్ గ్రంథాలయాన్ని శామ్ లాంటింగా 1998లో మొదలుపెట్టాడు. వాల్వ్ సంస్థ 2013లో స్టీమ్‌ను లినక్స్‌కు తెచ్చింది. నంద్యాల నెట్ సెంటర్లలో పిల్లలు ఎగబడి ఆడిన కౌంటర్ స్ట్రైక్‌కు లినక్స్ రూపం ఆ సంవత్సరమే దొరికింది. అప్పటికి ఆ నెట్ సెంటర్ల కాలం చెల్లిపోతోంది. వైన్‌కు మెరుగులు దిద్దిన ప్రోటాన్ 2018 ఆగస్టులో వచ్చాక విండోస్ ఆటలు వేల సంఖ్యలో లినక్స్‌పై నడుస్తున్నాయి. డైరెక్టెక్స్ మాటలను వల్కన్ అనే బహిరంగ భాషలోకి అక్కడికక్కడే అనువదించడం దాని కిటుకు. ఏఎండీ చోదకాలు బహిరంగం కాగా, ఎన్విడియా కూడా 2022లో తన కెర్నెల్ భాగాల మూలసంకేతాన్ని విడుదల చేసింది. ఇప్పుడు మిగిలిన అడ్డంకి హార్డ్‌వేర్ కాదు, మోసనిరోధక సాఫ్ట్‌వేర్. వ్యాలరెంట్ వంటి ఆటలు విండోస్ కెర్నెల్‌లోనే కాపలా పెట్టుకుంటాయి. అందువల్ల అవి లినక్స్‌పై నడవవు. ఇదీ ఒక రకంగా పాత డాంగిలే, వస్తువు స్థానంలో సంకేతం వచ్చింది.

మనకు ముఖ్యమైన ప్రశ్న ఇది కాదు. ఆట తెరపై తెలుగు ఎందుకు కనిపించదు?

దీనికి అనువాదకులు లేకపోవడం, విపణి చిన్నది కావడం అని సమాధానం చెప్పడం పరిపాటి. అవి నిజమే కావచ్చు. వాటికంటే లోతైన కారణం మరొకటి ఉంది. ఆట తన తెరను తానే గీసుకుంటుంది. డెస్క్‌టాప్‌లోని కిటికీలు, జాబితాలు, వాటి వెనక ఉన్న పాంగో, హార్ఫ్‌బజ్ వంటి సంయోజకాలు అన్నీ ఆట మొదలుకాగానే పక్కకు తప్పుకుంటాయి. సెకనుకు 60 సార్లు చిత్రాన్ని మార్చాలి కనుక ఆట రూపకర్తలు అక్షరాలకు సులువైన దారి పట్టారు. ముందుగానే అక్షరాలన్నింటినీ ఒక పెద్ద చిత్రంలో గళ్లుగా పరిచి ఉంచుతారు. సంకేతం రాగానే దానికి సంబంధించిన గడిని కత్తిరించి తెరపై అతికిస్తారు. ఒక సంకేతానికి ఒక గడి. ఆంగ్లానికి ఇది చక్కగా సరిపోతుంది. ‘స్త్రీ’కి ఆరు సంకేతాలుంటే ఆరు గళ్లు పక్కపక్కన వచ్చి పడతాయి: స, విడి పొల్లు, త, విడి పొల్లు, ర, విడి ఈత్వం. అది ఏ తెలుగువాడూ చదవలేని వరుస. యూనికోడ్ సరిగా ఉంది, ఖతి సరిగా ఉంది, చిత్రఫలకం, దాని చోదకం సరిగా ఉన్నాయి. సంయోజనం అనే ఒక్క మెట్టు లేదు.

విచిత్రమేమిటంటే అను ఖతుల వంటి ఆకృతి సంకేతాలు ఇక్కడ పనిచేస్తాయి. ముక్కకు ఒక సంకేతం కనుక గళ్ల పద్ధతికి అవి సరిగ్గా సరిపోతాయి. ఆట తెర, అచ్చుకూర్పు అర, రెండూ లిపిని ముక్కలుగానే చూశాయి. యూనికోడ్‌కు ముందరి దృష్టి యూనికోడ్ తర్వాత కూడా ఆటల్లో మిగిలిపోయిందని దీన్నిబట్టి చెప్పవచ్చు.

దీనికి భిన్నమైన ఉదాహరణలు స్వేచ్ఛా ఆటల్లోనే ముందుగా కనిపించాయి. 2003లో మొదలైన ‘బ్యాటిల్ ఫర్ వెస్‌నాత్’ పాఠ్యప్రధానమైన వ్యూహక్రీడ. దాని పాత్రలు పేరాలకు పేరాలు మాట్లాడతాయి. రూపకర్తలు పాఠ్యం గీసే పనిని డెస్క్‌టాప్ వాడే పాంగోకే అప్పగించారు. తెలుగును దృష్టిలో పెట్టుకుని చేసిన పని కాదది. కానీ సంయుక్తాక్షరాలున్న ఏ లిపికైనా దానితో తలుపు తెరుచుకుంది. ఎస్‌డీఎల్ అక్షర విభాగంలో హార్ఫ్‌బజ్ చేరింది 2022 నాటికి. ఆటలు తయారుచేసే బహిరంగ సాధనం గోడో తన నాలుగో సంచికలో, 2023లో, సంక్లిష్ట లిపులకు పూర్తి సదుపాయం కల్పించింది. విపణిలో అత్యధికంగా వాడే యూనిటీ పాఠ్య విభాగంలో చాలాకాలం ఆ సదుపాయం లేదు. వైన్ కూడా తన 1.4 సంచికలో, 2012లో, విండోస్ యూనిస్క్రైబ్ చేసే సంయోజనాన్ని తన సొంత సంకేతంతో సమకూర్చుకుంది. ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే అడ్డంకిని ఎదుర్కొన్న ఆటగాడూ డీటీపీ పనివాడూ ఈ వైన్ సంకేతంలో ఒకేచోట కలుసుకున్నారు.

సంయోజనం ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక సంకేత వరుసలో, మధ్యలో కనిపించని విభాజకంతో వచ్చినప్పుడు ఐఫోన్లలో అనువర్తనాలు కుప్పకూలాయి. కొన్నిరోజులకు యాపిల్ సంస్థ 11.2.6 సంచికతో దాన్ని సరిచేసింది. పత్రికలు దీన్ని వింతవార్తగా రాశాయి, ‘తెలుగు అక్షరం ఫోన్‌ను చంపింది’ అన్న ధోరణిలో. లోపం అక్షరంలో లేదు, దాన్ని కూర్చే సంకేతంలో ఉంది. ఆ సంకేతం మూసినది కావడం వల్ల తప్పు ఏ వరుసలో ఉందో తెలుగు పరిశోధకుడెవరూ చూసి చెప్పే వీలు లేకపోయింది. బహిరంగ సంయోజకాల్లోనూ తప్పులు ఉంటాయి, ఉన్నాయి. వాటిని నివేదించిన తీరు, సరిదిద్దిన తేదీ, మార్చిన పంక్తి మాత్రం చరిత్రకారుడికి ఆకరాలుగా మిగులుతాయి. పాఠపరిష్కరణ చేసేవారికి పాఠాంతరాలు ఎంత విలువైనవో ఇవీ అంతే.

6. రేనాటి అక్షరానికి చోటు

నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ ప్రాంతాన్ని కడప సరిహద్దుతో కలిపి రేనాడు అంటారు. తెలుగులో రాసిన తొలి శాసనాలు కలమళ్ల, ఎర్రగుడిపాడులలో రేనాటి చోళులు వేయించినవి. ఆ రాజవంశం పేరునే శాసనలిపికి అనుగుణంగా రాయాలంటే ‘చోఴ’ అనాలి. తెలుగులో లుప్తమైన ఆ ‘ఴ’కు యూనికోడ్‌లో స్థానం దొరికింది 2014లో, ఏడో సంచికతో. అంతకుముందు శాసనపాఠాన్ని కంప్యూటర్‌లో ఎత్తిరాసే పరిశోధకుడు కన్నడ అక్షరాన్ని అరువు తెచ్చుకోవాలి, లేదా బొమ్మ అతికించాలి, అదీ కాకుంటే ‘ళ’తో సరిపెట్టుకోవాలి. సరిపెట్టుకున్న చోటల్లా భాషాచరిత్రకు ఒక ఆధారం పోయింది. డకారంగా మారిన ఴకారానికీ, మొదటినుంచీ ఉన్న ళకారానికీ తేడా పాఠంలో కనిపించకుండా పోయింది.

స్థానం దొరికినంత మాత్రాన అక్షరం కనిపించదు. ఖతిలో ఆకృతి ఉండాలి. మూసిన ఖతిలో లేకపోతే సంస్థ దయ తలచేదాకా ఆగాలి. బహిరంగ లైసెన్సున్న ఖతిని ఫాంట్‌ఫోర్జ్ వంటి ఉచిత సాధనంలో తెరిచి, ఆ గడిలో అక్షరాన్ని గీసి, ఒత్తులతో కలిసే సూత్రాలు రాసి, వేరే పేరుతో మళ్లీ విడుదల చేయవచ్చు. శాసనవిద్యార్థి ఒకరు, ఖతుల పని తెలిసినవారు ఒకరు కలిసి కూర్చుంటే చేయగలిగిన పని ఇది.

ఇంతకంటే తక్షణమైన సమస్య మన సిద్ధాంతవ్యాసాలది. రెండు దశాబ్దాలుగా తెలుగు శాఖల్లో సమర్పించిన సిద్ధాంతవ్యాసాల్లో అధికభాగం డీటీపీ కేంద్రాల్లో అను ఖతులతో కూర్చినవే. వాటి పీడీఎఫ్‌లు శోధగంగ వంటి భాండాగారాల్లో చేరాయి. చూడటానికి అక్షరాలు చక్కగా ఉంటాయి. వెతుకుపెట్టెలో ‘రేనాడు’ అని రాసి వెతికితే ఏమీ దొరకదు, ఎందుకంటే లోపల ఉన్నది రేనాడు కాదు, ఆంగ్ల అక్షరాల స్థానాల్లో కూర్చున్న ముక్కల వరుస. వార్తాపత్రికల ఖతులకు ఇలాంటి ఇబ్బందే ఉన్నప్పుడు, తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో ప్రారంభించిన వెన్న నాగార్జున ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను రాసి, చదువుతుండగానే పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఏర్పాటు చేశారు. సిద్ధాంతవ్యాసాలకు అలాంటి మార్పిడి చేయాలంటే ముందుగా మూల పేజ్‌మేకర్ దస్త్రం దొరకాలి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన సంచిక 2001 నాటిది. దాన్ని తెరవడానికి తగిన పాత విండోస్ యంత్రం కావాలి, ఆ యంత్రంపై అదే సంచిక అను ఖతులు ఉండాలి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. ఆ దస్త్రాలున్న యంత్రాలు ఇప్పుడు డీటీపీ కేంద్రాల మూలల్లో ఉన్నాయి, లేదా పాతసామాన్ల వారికి చేరిపోయాయి. మూల దస్త్రం దొరకని వ్యాసాలకు అచ్చుపుటను చూసి మళ్లీ టైపు చేయించడం, లేదా అక్షరాలను గుర్తించే టెసెరాక్ట్ వంటి బహిరంగ సాఫ్ట్‌వేర్‌తో పాఠాన్ని రాబట్టి చేతితో సరిచూడటం, ఈ రెండే దారులు. రెండో దారిలో ‘ఱ’ ఉన్నచోట ‘ట’, అరసున్న ఉన్నచోట ఖాళీ వచ్చే అవకాశం ఎక్కువ. కనుక శాసనపాఠాలు, ప్రాచీన కావ్యపాఠాలు ఉదాహరించిన వ్యాసాలను ముందుగా ఏరి, వాటి మూల దస్త్రాల కోసం రచయితలను, పర్యవేక్షకులను ఇప్పుడే అడగవలసి ఉంది.